మెయిన్ రోడ్డు ఇస్తే క్రాస్ రోడ్డు రాయడం

(బెంగళూరు మల్లేశ్వరంలో తెలుగు కుటుంబాల పిల్లల కోసం ఒక ఆదివారం ఉదయం లెక్కల లెక్చరర్ చేసిన ప్రసంగం ఇది. ఆయన మాట్లాడిన తీరులోనే ఉంచాం. బోర్డు మీద రాసినవాటిని మాటల్లోనే కలిపాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పెద్దవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఈ మార్కర్ అయిపోవచ్చింది, వెనక్కి కనపడదు.

ఇవాళ ఒకే ఒక్క రకం లెక్క. ఒక సరళరేఖ సమీకరణం ఇస్తారు, ఒక బిందువు ఇస్తారు. ఆ బిందువు మీదుగా పోతూ, ఇచ్చిన రేఖకు లంబంగా ఉండే రేఖ సమీకరణం రాయమంటారు. ఐసీఎస్ఈ పిల్లలకి పదో తరగతిలోనే వస్తుంది. సీబీఎస్ఈ వాళ్లకి పదకొండులో. మన వైపు ఇంటర్ మొదటి సంవత్సరంలో సరళరేఖలు చదివినవాళ్లంతా చేసే ఉంటారు. వెనక కూర్చున్న నాన్నలు కూడా చేసే ఉంటారు, ఒప్పుకోరు గానీ. (నవ్వులు)

ఇచ్చిన రేఖ వాలు, అంటే స్లోప్, ఎం అనుకోండి. లంబ రేఖ వాలు ఎంత? చెప్పండి. మైనస్ వన్ బై ఎం. బాగుంది, అందరూ ఒకేసారి చెప్పారు. ఎందుకు? ...చూశారా, ఇప్పుడు ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది. ఈ సూత్రం నోటికి రాని పిల్లాడు లేడు, ఎందుకో తెలిసిన పిల్లలు తక్కువ. పరీక్షలో మార్కులు పోయేది కూడా సరిగ్గా ఇక్కడే. ఎందుకో తెలిస్తే సూత్రం మరిచిపోయినా నష్టం లేదు, బొమ్మ గీసి మళ్లీ రాబట్టుకోవచ్చు. అందుకని ముందు బొమ్మ, ఆ తర్వాతే సమీకరణం.

మనం ఉన్న పేటనే తీసుకుందాం. 1898లో ఊళ్లో ప్లేగు వచ్చాక జనం ఇరుకు వీధులు వదిలి ఇటు మల్లేశ్వరానికి, అటు బసవనగుడికి వచ్చారు. రెండూ ప్లాను గీసి వేసిన పేటలు, అందుకే వీధులు గళ్లు గళ్లుగా ఉంటాయి. సంపిగె రోడ్డు, మార్గోసా రోడ్డు అనే మెయిన్ రోడ్లు పక్కపక్కనే సాగుతాయి. ఎయిత్ క్రాస్, అంటే ఎనిమిదో అడ్డరోడ్డు, వచ్చి ఆ రెండింటినీ అడ్డంగా కోస్తుంది. మెయిన్ ఎటు పోతోందో తెలిస్తే క్రాస్ ఎటు పోతుందో ఆటో డ్రైవర్ని అడగక్కర్లేదు. కానీ ఏ క్రాస్ అన్నది మాత్రం చెప్పి తీరాలి. క్రాసులు బోలెడు, దిక్కు అన్నిటికీ ఒకటే. మన లెక్కలోనూ సరిగ్గా ఇంతే. ఇచ్చిన రేఖ దిక్కు చెబుతుంది, ఇచ్చిన బిందువు ఎన్నో క్రాసో చెబుతుంది. ఈ రెండు పనులూ కలిపేసుకుంటేనే కంగారు. (కొత్త లేఅవుట్లలో క్రాస్ అని బోర్డు పెట్టిన వీధి ఎటు తిరుగుతుందో నేను పూచీ పడను.)

ముందు దిక్కు సంగతి. వాలు అంటే ఏమిటి? అడ్డంగా ఎంత నడిస్తే పైకి ఎంత ఎక్కాం అన్నదే. ఎక్కినదాన్ని నడిచినదానితో భాగించాలి. కుడి వైపు మూడు గళ్లు నడిచి, పైకి రెండు గళ్లు ఎక్కితే వాలు 2/3.

అందరూ గళ్ల నోటు పుస్తకం తెరవండి. మధ్యలో ఒక చుక్క పెట్టండి. అక్కడి నుంచి కుడికి మూడు గళ్లు, పైకి రెండు గళ్లు. అక్కడ ఇంకో చుక్క. రెండు చుక్కలూ కలపండి. ఇది మన మెయిన్ రోడ్డు. ఇప్పుడు పుస్తకాన్ని ఎడమ పక్కకి పావు చుట్టు తిప్పండి. తొంభై డిగ్రీలు, అంతే. మెట్టుకు ఏమైందో చూడండి. ఇందాక కుడికి నడిచిన మూడు గళ్లు ఇప్పుడు పైకి ఎక్కే మూడు గళ్లయ్యాయి. ఇందాక పైకి ఎక్కిన రెండు గళ్లు ఎడమకి పోయే రెండు గళ్లయ్యాయి. ఎడమ అంటే మైనస్. అంటే ఎక్కింది 3, నడిచింది మైనస్ 2. వాలు మైనస్ 3/2.

ఏమ్మా, చెయ్యెత్తావు, చెప్పు. కుడి పక్కకి తిప్పితేనా? మంచి ప్రశ్న. తిప్పి చూడు. మూడు గళ్లు కిందికి దిగుతాయి, రెండు గళ్లు కుడికి పోతాయి. దిగింది 3 కాబట్టి మైనస్ 3, నడిచింది 2. మళ్లీ మైనస్ 3/2 వచ్చింది. ఎటు తిప్పినా అదే రేఖ. ఒకడు ఆ రోడ్డు మీద ఉత్తరానికి పోయాడు, ఇంకొకడు దక్షిణానికి పోయాడు, రోడ్డు మారలేదు.

సూత్రంలో ఉన్నదంతా ఇదే. తిప్పినప్పుడు నడవడం ఎక్కడం అవుతుంది, ఎక్కడం నడవడం అవుతుంది, అందుకని భిన్నం తలకిందులవుతుంది. రెండింటిలో ఒకటి ఎదురు దిక్కుకు పోతుంది, అందుకని గుర్తు మారుతుంది. రెండు మార్పులూ ఒకే తిప్పుడులో వస్తాయి. ఒకటి చేసి రెండోది వదిలేస్తే పుస్తకాన్ని సగమే తిప్పినట్టు.

బొమ్మ చూసి నమ్మని వాళ్లుంటారు, ఉండాలి కూడా. వాళ్ల కోసం పైథాగరస్. మూలబిందువు నుంచి రెండు రేఖలు గీయండి, ఒకదాని వాలు 2, రెండోదాని వాలు మైనస్ సగం. ఒక్కో రేఖ మీద ఒకడు బయల్దేరాడనుకోండి, ఇద్దరూ కుడికి ఒక్క గడి నడవాలి. మొదటివాడు (1, 2) దగ్గర ఉంటాడు. రెండోవాడు (1, మైనస్ సగం) దగ్గర ఉంటాడు. మొదటివాడు నడిచిన దారి వర్గం 1 ప్లస్ 4, అంటే 5. రెండోవాడిది 1 ప్లస్ పావు, అంటే 1.25. కలిపితే 6.25. వాళ్లిద్దరి మధ్య ఎడం ఎంత? పైన 2, కింద సగం, మొత్తం 2.5. దాని వర్గం 6.25. సరిపోయిందా? కాబట్టి మూలబిందువు దగ్గర లంబకోణం.

అంకెలకి బదులు వాలులు ఎం, ఎన్ అని పెట్టి ఇదే చేయండి. ఒక పక్క 1 ప్లస్ ఎం వర్గం, 1 ప్లస్ ఎన్ వర్గం. ఇంకో పక్క ఎం మైనస్ ఎన్, మొత్తం వర్గం. దాన్ని విప్పితే ఎం వర్గం, ఎన్ వర్గం రెండు పక్కలా కొట్టుకుపోతాయి. మిగిలేది 2 ఒక పక్క, మైనస్ 2 ఎం ఎన్ ఇంకో పక్క. ఎం, ఎన్‌ల లబ్ధం మైనస్ 1. గైడులో పెట్టె కట్టి ఇచ్చే వాక్యం ఇక్కడి నుంచి వచ్చింది.

సరే, ఇప్పుడు లెక్క. రేఖ వై = 2ఎక్స్ + 3. బిందువు (4, 1). లంబరేఖ కావాలి.

ఇచ్చిన రేఖ వాలు 2. దాన్ని 2/1 అని రాయండి, ఆ ఒకటి కంటికి కనపడాలి. తలకిందులు చేసి గుర్తు మారిస్తే మైనస్ 1/2. దిక్కు దొరికింది. ఇక ఎన్నో క్రాసు? (4, 1) మీదుగా పోయేది. కాబట్టి వై మైనస్ 1 = మైనస్ సగం ఇంటూ, ఎక్స్ మైనస్ 4. రెండుతో గుణించి సర్దితే ఎక్స్ + 2వై = 6. సమీకరణం వచ్చేసింది.

చాలామంది ఇక్కడ పెన్ను మూసేస్తారు. మూయొద్దు, ఒక్క నిమిషం. (4, 1) నిజంగా ఈ రేఖ మీద ఉందా? 4 ప్లస్ 2, ఆరు. ఉంది. రెండు రేఖలూ ఎక్కడ కలుస్తాయి? వై స్థానంలో 2ఎక్స్ + 3 పెడితే 5ఎక్స్ + 6 = 6, ఎక్స్ సున్నా, వై 3. కలిసే చోటు (0, 3). గళ్ల కాగితం మీద చూడండి, (0, 3) నుంచి (4, 1)కి కుడికి నాలుగు, కిందికి రెండు. మెయిన్ రోడ్డు కుడికి ఒకటి, పైకి రెండు. బొమ్మలో చక్కగా మూల కుదిరింది. ఈ సరిచూసుకోవడానికి పట్టే టైము కన్నా, తప్పు రాసి ఇంటికొచ్చి టెన్షన్ పడే టైము చాలా ఎక్కువ.

ఇప్పుడు అసలు మార్కులు పోయే చోటు. 3ఎక్స్ + 4వై = 12. బిందువు (7, 4). వాలు ఎంత? ఎవరో మూడన్నారు. ఎవరన్నారో నేను చూడలేదులే. (నవ్వులు) ఎక్స్ ముందున్న అంకెను చూడగానే వాలు అనేయడం ఎక్కడికెళ్లినా ఉంది. వై ఒంటరిగా ఒక పక్క నిలబడితేనే ఎక్స్ ముందున్నది వాలు. ఇక్కడ 4వై = మైనస్ 3ఎక్స్ + 12, కాబట్టి వాలు మైనస్ 3/4.

రెండో గోతిలో ఇంకా ఎక్కువ మంది పడతారు. లంబరేఖ వాలు ఎంత? మైనస్ 4/3 అని రాస్తారు. ఎందుకంటే, మైనస్ పెట్టాలి సార్, సూత్రంలో మైనస్ ఉంది కదా అంటారు. మైనస్ పెట్టడం కాదు నాన్నా, గుర్తు మార్చడం. అక్కడ అప్పటికే మైనస్ ఉంటే అది పోవాలి. వాలు 4/3. దిగే రోడ్డుకు లంబంగా ఉండేది ఎక్కే రోడ్డే అవుతుంది. రెండూ దిగుతుంటే వాటి మధ్య లంబకోణం ఎలా వస్తుంది? వాలులు కట్టే ముందు చేత్తో గాల్లో ఒక గీత గీసుకుంటే ఈ తప్పు రాదు. పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్ చూస్తే ఏమనుకుంటారని ఆగకండి.

ఈ రూపంలో ఇస్తే ఇంకా తేలిక దారి ఉంది. 3ఎక్స్ + 4వై అని ఉంటే, లంబరేఖ ఎప్పుడూ 4ఎక్స్ మైనస్ 3వై = ఏదో ఒక అంకె. అంకెలు చోట్లు మార్చుకున్నాయి, మధ్య గుర్తు మారింది. ఇందాక పుస్తకం తిప్పినప్పుడు జరిగిందే ఇది. చివర ఆ ఏదో ఒక అంకె ఉంది చూడండి, అది క్రాస్ నంబరు అనుకోండి. బిందువు వేస్తే తేలిపోతుంది. 4 ఇంటూ 7, ఇరవై ఎనిమిది. 3 ఇంటూ 4, పన్నెండు. తీసేస్తే పదహారు. 4ఎక్స్ మైనస్ 3వై = 16. భిన్నాలే తగల్లేదు. స్కూల్లో పద్ధతి చూపించమంటే వాలు కట్టే చేయండి, స్టెప్పులకి మార్కులుంటాయి. కానీ సరిచూసుకోడానికి ఈ దారి వాడండి.

ఈ రెండు రేఖలూ (4, 0) దగ్గర కలుస్తాయి, రెండిట్లోనూ వేసి చూడండి. అక్కడి నుంచి మన బిందువు (7, 4)కి అడ్డం 3, నిలువు 4. దూరం 5. ఈ మూడంకెలు ఎక్కడో విన్నట్టు లేదూ? ఇల్లు కట్టేటప్పుడు పునాది దగ్గర మేస్త్రి టేపు పట్టుకుని ఒక దారం మీద మూడడుగులకి, ఇంకో దారం మీద నాలుగడుగులకి గుర్తు పెడతాడు. ఆ రెండు గుర్తుల మధ్య సరిగ్గా అయిదడుగులు వచ్చేదాకా దారం అటూ ఇటూ జరుపుతాడు. చేతిలో మూలమట్టం ఉన్నా, పెద్ద గదికి ఇలాగే చూస్తాడు. మూలమట్టం చిన్నది, దాని దగ్గర వెంట్రుకవాసి తేడా వస్తే గది అవతలి చివరికి వెళ్లేసరికి అంగుళాల్లో తేలుతుంది. టైల్స్ వేసినప్పుడు గోడ పక్కన ముక్కోణం ముక్కలు కోయాల్సి వచ్చిన ఇళ్లలో ఉన్నవాళ్లకి నేను చెప్పేది అర్థమవుతుంది.

నిలువు రేఖల సంగతి త్వరగా ముగిద్దాం. ఎక్స్ = 5 అనే రేఖకు (2, 7) మీదుగా లంబరేఖ కావాలి. నిలువు రేఖకు వాలు ఉండదు, సున్నాతో భాగించాల్సి వస్తుంది. సూత్రం ఇక్కడ పనికిరాదు, బొమ్మ పనికొస్తుంది. నిలువుకు లంబం అడ్డం. వై = 7. అంతే.

దీని కథ కాస్త చెప్పుకుందాం, ఎందుకంటే ఇందులో మనవాళ్ల పని కూడా ఉంది. సమీకరణం రాసి రేఖను పట్టుకోవడం 1637లో ఫ్రెంచి గణితవేత్త డెకార్ట్ జ్యామితి గ్రంథంతో లోకానికి తెలిసింది. ఫ్రాన్సులో ఫెర్మా కూడా అదే కాలంలో ఈ దారికి వచ్చాడు. కానీ లంబరేఖ అంతకన్నా ఎంతో పాతది. ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ రాసిన ఎలిమెంట్స్ మొదటి పుస్తకంలోనే రెండు నిర్మాణాలున్నాయి, ఒకటి రేఖ మీది బిందువు నుంచి, ఇంకోటి రేఖ బయటి బిందువు నుంచి. ఇవాళ మనం చేసిన లెక్కలు మూడూ ఆ రెండో రకమే. యూక్లిడ్ వృత్తలేఖినితో చేశాడు, మనం వాలుతో చేశాం.

ఇక మన శుల్బ సూత్రాలు, అంటే యజ్ఞవేదులు తాడుతో కొలిచి కట్టే పద్ధతులు చెప్పే పాత సంస్కృత గ్రంథాలు. యజ్ఞవేది కట్టాలంటే ముందుగా తూర్పు పడమర గీత కావాలి. కాత్యాయన శుల్బంలో పద్ధతి ఉంది. చదునైన నేల మీద ఒక కర్ర నిలువుగా పాతి, దాని చుట్టూ తాడుతో వృత్తం గీస్తారు. పొద్దున నీడ కొన వృత్తాన్ని తాకిన చోట ఒక మేకు, మధ్యాహ్నం దాటాక మళ్లీ తాకిన చోట ఇంకో మేకు. ఆ రెండు మేకుల్నీ కలిపితే తూర్పు పడమర. మరి ఉత్తర దక్షిణం? తాడు రెండు చివర్లనీ రెండు మేకులకి తగిలించి, నడిమధ్య పట్టుకుని దక్షిణం వైపు బిగువుగా లాగి అక్కడ ఒక గుర్తు, ఉత్తరం వైపు లాగి ఇంకో గుర్తు. ఆ రెండు గుర్తుల్నీ కలిపితే మొదటి గీతకు లంబం. తాడు మధ్యబిందువు రెండు మేకులకీ సమాన దూరంలోనే ఉంటుంది కదా, అందుకే.

దీన్నే మీ పుస్తకంలో లంబ సమద్విఖండన రేఖ అంటారు. ఒక లెక్క చేసేద్దాం. మేకులు (1, 2), (7, 6) దగ్గర అనుకోండి. మేకులు వద్దనుకుంటే రెండు మెట్రో స్టేషన్లు అనుకోండి. ఏ ఇల్లు ఏ స్టేషన్‌కి దగ్గరో తేల్చే సరిహద్దు గీత కావాలి. మధ్యబిందువు (4, 4). రెండు స్టేషన్లనీ కలిపే గీత వాలు 4/6, అంటే 2/3. లంబం వాలు మైనస్ 3/2. (4, 4) మీదుగా రాస్తే 3ఎక్స్ + 2వై = 20. ఈ గీత మీద (6, 1) ఉంది, 18 ప్లస్ 2. అక్కడి నుంచి మొదటి స్టేషన్‌కి దూరం వర్గం 25 ప్లస్ 1. రెండో స్టేషన్‌కి 1 ప్లస్ 25. సమానం. కాకి ఎగిరే దూరం సంగతి ఇది. మన ఊళ్లో వన్‌వేలు దాటి వెళ్లే దూరం వేరే లెక్క, అది నాకు రాదు. (నవ్వులు)

ప్రశ్నలుంటే అడగండి.

ఒక తల్లి: సార్, పిల్లలు ఇక్కడ పుట్టి ఇంగ్లీషులో చదువుతున్నారు. లెక్కలు తెలుగులో చెప్తే ఎక్కుతాయా?

ఇందాకటి నుంచి ఎక్కలేదా అమ్మా? (నవ్వులు) స్లోప్ అన్నా ఫరవాలేదు, వాలు అన్నా ఫరవాలేదు, పుస్తకం తిప్పడం వస్తే చాలు. మీరు అడిగారు కాబట్టి ఒక్క మాట. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుడి ఏలుబడిలో, ఈ కన్నడ నేల మీద మహావీరాచార్యుడు గణిత సార సంగ్రహం రాశాడు, సంస్కృతంలో. దాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆయన రాజరాజ నరేంద్రుడి కాలం వాడని చెప్తారు. అంటే భారతం తెలుగులోకి వస్తున్న రోజుల్లోనే లెక్కలూ వచ్చాయి. పద్యంలో చెప్పినా ఎక్కాయి కాబట్టే ఇన్నాళ్లు నిలిచాయి. ఇంట్లో మీరు తెలుగులో అడగండి, వాడు ఇంగ్లీషులో జవాబు చెప్పనీయండి. లెక్క సరైతే చాలు.

ఒక అబ్బాయి: సార్, నేను మీ మొదటి లెక్క ఫోన్‌లో గ్రాఫ్ యాప్‌లో వేశాను. రెండు గీతలూ లంబంగా కనపడట్లేదు.

ఏదీ, ఇటివ్వు. బాబూ, ఇవాళ్టి ప్రశ్నల్లో ఇదే గట్టిది. ఇదిగో, నువ్వు రెండు వేళ్లతో సాగదీశావు. అడ్డంగా ఒక గడి ఒక యూనిట్, నిలువుగా ఒక గడి రెండు యూనిట్లయింది. అంటే ఎత్తులన్నీ సగానికి నొక్కుకుపోయాయి. వాలు 2 ఉన్న రేఖ కంటికి వాలు 1లా, మైనస్ సగం ఉన్నది మైనస్ పావులా కనపడుతుంది. వాటి లబ్ధం మైనస్ పావు, మైనస్ ఒకటి కాదు. అందుకే మూల కుదరలేదు. సమీకరణాలు తప్పు కావు, కాగితమే సాగింది. మనం పుస్తకం తిప్పినప్పుడు గడి అడ్డం, నిలువు ఒకే కొలత కాబట్టి మూడు గళ్లు మూడు గళ్లుగానే తిరిగాయి. కొలతలు వేరైతే ఆ తిప్పుడే చెల్లదు. గ్రాఫ్ పేపర్ మీద కూడా రెండు అక్షాలకి వేరువేరు స్కేలు తీసుకుని, కోణమానిని పెట్టి కొలిచి, లంబం కాదని రాసే పిల్లలున్నారు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి రెండు అక్షాల స్కేలు ఒకటి చెయ్యి. ఆఁ, అదే. ఇప్పుడు పక్కవాడికి చూపించు.

ఇంకెవరికైనా? లేదంటే కింద టిఫిన్లు పెట్టారట. ఇడ్లీ తిని వచ్చి, (1, 1), (5, 3), (2, 7) శీర్షాలుగా ఉన్న త్రిభుజానికి, ఒక్కో శీర్షం నుంచి ఎదుటి భుజానికి గీసే మూడు లంబాల సమీకరణాలూ రాయండి. ఆ మూడూ ఒకే బిందువు దగ్గర కలవాలి. కలవకపోతే ఎక్కడో గుర్తు మార్చలేదన్నమాట, ఆ కాగితం నా దగ్గరికి పట్టుకురండి.